ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర

"మీ చిన్నప్పుడు ఫోన్లు లేవు కదా, మరి సాయంత్రాలు ఏం చేసేవాళ్లు?" అని తరగతిలో పిల్లలు అప్పుడప్పుడూ అడుగుతుంటారు. ఆటలు ఆడేవాళ్లం, పుస్తకాలు చదివేవాళ్లం అంటే వాళ్లకు నమ్మకం కుదరదు. నిజం చెప్పాలంటే వారంలో ఆరు రోజులు ఏం చేశామో మాకూ సరిగ్గా గుర్తులేదు. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు ఏం చేసేవాళ్లమో మాత్రం బాగా గుర్తుంది. జెమినీ టీవీలో 'అమృతం' చూసేవాళ్లం.

ఆ ధారావాహిక 2001 నవంబరు 18న మొదలై 2007 నవంబరు 18న ముగిసింది. రెండూ ఆదివారాలే. మొత్తం 313 భాగాలు. ఆ రెండు తేదీలను కలుపుకుని ఎన్ని ఆదివారాలు వస్తాయో లెక్కవేయమని ఒకసారి ఎనిమిదో తరగతి పిల్లలకు చెబితే 314 అని తేల్చారు. అంటే ఆరేళ్లపాటు దాదాపు ఆగకుండా నడిచిందన్నమాట. మాలో అంత క్రమం తప్పకుండా బడికి వెళ్లినవాళ్లు ఎవరూ లేరు.

దీన్ని తలపెట్టినవారు గుణ్ణం గంగరాజు. అంతకుముందు 1996లో పిల్లలే ప్రధాన పాత్రలుగా 'లిటిల్ సోల్జర్స్' సినిమా తీసిన దర్శకుడాయన. తరవాత సినిమాల్లో పేరు తెచ్చుకున్న చంద్రశేఖర్ ఏలేటి, ఎస్.ఎస్. కాంచి వంటివారు ఈ ధారావాహికకు పనిచేశారు. మొదట్లో వచ్చే పాట సిరివెన్నెల సీతారామశాస్త్రి రాసింది, బాణీ కల్యాణి మాలిక్‌ది. పక్కింట్లో ఆ పాట వినిపించిందంటే మా ఇంట్లో అన్నం కంచాలు టీవీ ముందుకు వచ్చేసేవి. హోంవర్కు సంగతి సోమవారం పొద్దున తేలేది. ఎనిమిదీ ఇరవై అయిదుకు కరెంటు పోతే వీధి మొత్తం ఒక్క గొంతుతో మూలిగేది. మరునాడు బడిలో ఎవరింట్లో కరెంటు ఉందో వాళ్లే ఆ రోజుకు నాయకులు. వాళ్లు కథ చెబితే మిగిలినవాళ్లం వినాలి, నవ్వు రాకపోయినా నవ్వాలి.

కథ ఏమంత పెద్దది కాదు. అమృతరావు, ఆంజనేయులు స్నేహితులు. ఇద్దరికీ పెళ్లిళ్లయ్యాయి. అమృతం భార్య సంజీవని, ఆంజనేయులు భార్య శాంత. ఒకే ఇంట్లో పక్కపక్క పోర్షన్లలో అద్దెకుంటారు. 'అమృత విలాస్' అనే హోటలు నడుపుతారు. అందులో పనిచేసేవాడు సర్వం. ఇంటి యజమాని అప్పాజీ. ఇంతే. ఈ ఆరుగురిని, ఒక ఇంటిని, ఒక హోటలును పెట్టుకుని ఆరేళ్లు నవ్వించారు. ఎలా సాధ్యమైందో చెప్పడానికే ఈ వ్యాసం. దీని పనితనం చూస్తే కథ రాయడం నేర్చుకునే పిల్లలకు కూడా కొంత ఉపయోగం ఉంటుందని మా నమ్మకం.

ఇలాంటి ధారావాహికను సిట్‌కామ్ అంటారు. మనుషులు మారరు, చోటు మారదు, వాళ్లు చిక్కుకునే పరిస్థితి ఒక్కటే వారవారం మారుతుంది. అమెరికాలో 1951లో మొదలైన 'ఐ లవ్ లూసీ' ఈ పద్ధతికి పెద్ద దిక్కు. మన దూరదర్శన్‌లో 1984లో వచ్చిన 'యే జో హై జిందగీ' అదే దారి. అమృతంలో వారం వారం జరిగేది స్థూలంగా ఇదీ: అమృతానికి ఒక ఆలోచన వస్తుంది. త్వరగా డబ్బు సంపాదించాలనో, అద్దె ఎగ్గొట్టాలనో, భార్య దగ్గర ఏదో దాచాలనో. ఆంజనేయులు వద్దంటాడు. వద్దంటూనే ఒప్పుకుంటాడు. ఒక చిన్న అబద్ధం ఆడతారు. ఆ అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకొకటి. రెండో అబద్ధానికి మూడో మనిషి కావాలి, ఆ మనిషి సర్వం, సర్వానికి చెప్పింది చెప్పినట్టు అర్థం కాదు. చివరికి ఎవరు ఎవరికి కనబడకూడదో వాళ్లందరూ ఒకే గదిలోకి వస్తారు. ఇరవై నిమిషాలు కష్టపడి పేర్చిన పేకమేడ అరనిమిషంలో కూలిపోతుంది.

ఆ తరవాత జరిగేదే మాకు అన్నిటికంటే ఇష్టం. ఏమీ జరగదు. వచ్చే ఆదివారానికి హోటలు అలాగే ఉంటుంది, అప్పు అలాగే ఉంటుంది, స్నేహమూ అలాగే ఉంటుంది. కిందటి వారం అంత అవమానం జరిగిందే, మొహాలు ఎలా చూసుకుంటున్నారు అని ఎవరూ అడగరు. మొదటి నుంచీ చూడకపోయినా ఎక్కడో ఒకచోట కూర్చుంటే సరిపోతుంది. ఏడ్చినవాళ్లు ఏడుస్తూనే ఉండే రోజువారీ సీరియళ్లు ఇంటింటా కూర్చుంటున్న కాలమది. వాటి మధ్య వారానికి ఒకసారి లెక్కలన్నీ సున్నాకు తెచ్చి మళ్లీ మొదలుపెట్టే కార్యక్రమం ఒకటుండటం పరీక్షల మార్కులు మోసే పిల్లలకు ఎంత ఊరటో చెప్పలేం.

ఇక్కడొక విచిత్రం ఉంది. ప్రధాన పాత్రల్లో మా వయసు వాళ్లు ఒక్కరూ లేరు. అద్దె కట్టలేని నడివయసు మగవాళ్ల కథ పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలకు ఎందుకంత నచ్చింది? మాకు తోచిన జవాబు ఒకటే. వాళ్లు పేరుకే పెద్దవాళ్లు, నడవడికంతా తొమ్మిదో తరగతి. అప్పాజీ హెడ్‌మాస్టరు. ఆయన అడుగుల చప్పుడు వినబడగానే ఇద్దరూ సర్దుకుని నిలబడతారు. అమృతం ప్రతి తరగతిలోనూ ఉండే కుర్రాడు, ఆలోచనలన్నీ అతనివి, దెబ్బలు మాత్రం పక్కవాడికి. ఆ పక్కవాడు ఆంజనేయులు. అడగకూడని ప్రశ్న అడగకూడని చోట అడిగే సర్వం మూడో బెంచీలో ఉంటాడు. సంజీవని, శాంత ఎప్పుడూ ముందే కనిపెట్టేసే ఆడపిల్లలు. మా తరగతిలో ఎవరు ఎవరో మేము పంచుకున్నాం కూడా. అమృతం వేషానికి పోటీ ఉండేది. ఆంజనేయులుకు పోటీ లేదు, కానీ అందరికీ ఇష్టం అతనే.

ఆంజనేయులు పాత్ర వేసిన గుండు హనుమంతరావు విజయవాడ నాటకరంగం నుంచి వచ్చినవారు. 'మాయలోడు', 'యమలీల' వంటి సినిమాల్లో అప్పటికే నవ్వించారు. ఆయన ప్రత్యేకత మాటలో కంటే మాట ఆగే చోట ఉందని ఇప్పుడు చూస్తే తెలుస్తుంది. అమృతం తన పథకం చెబుతుంటాడు, కెమెరా ఆంజనేయులు మొహం మీద ఉంటుంది. ఆ మొహంలో మొదట అనుమానం, తరవాత భయం, ఆ తరవాత 'సరే, ఇంకేం చేస్తాం' అన్న భావం వరసగా దిగుతాయి. ఒక్క మాట లేదు. 2018 ఫిబ్రవరి 19న ఆయన పోయారన్న వార్త మాకు అందినప్పుడు మేము తెలుగు మాట వినబడని ఊళ్లో ఉన్నాం. స్టాఫ్‌రూములో ఆ పేరు చెబితే గుర్తుపట్టేవాళ్లు లేరు. ఆ రాత్రి యూట్యూబులో రెండు భాగాలు పెట్టుకుని చూశాం. నవ్వు వచ్చింది, అదే ఇబ్బంది అయింది.

అమృతం పాత్రను మాత్రం ముగ్గురు వేశారు. మొదట శివాజీరాజా, తరవాత నరేశ్, ఆ పైన హర్షవర్ధన్. మొహం మారినా సంజీవని ఉలిక్కిపడదు, సర్వం అడగడు, కథ సాగిపోతుంది. ఇదెలా అని పెద్దవాళ్లు విసుక్కునేవారు. పిల్లలకు అందులో వింత ఏమీ కనబడలేదు. మా బళ్లో లెక్కల సారు బదిలీ అయితే అదే కుర్చీలో ఇంకో లెక్కల సారు కూర్చునేవారు, అదే బెత్తం పట్టుకునేవారు. ఇప్పుడు బదిలీలు మా బతుకే అయ్యాక ఆ సంగతి ఇంకా బాగా అర్థమవుతోంది. కొత్త ఊళ్లో మమ్మల్ని చూసి పిల్లలు మొదటి వారం పాత సారుతో పోలుస్తారు. రెండో వారానికి పోలిక ఆగుతుంది.

ఈ హాస్యం గాల్లోంచి ఊడిపడలేదు. ఒకే జంటను తీసుకుని కథ తరవాత కథ రాసే పద్ధతి మునిమాణిక్యం నరసింహారావుగారి 'కాంతం కథలు' చదివినవాళ్లకు తెలుసు. ఇంట్లో జరిగే చిన్న తగువును తీసుకుని, ఎవరినీ పెద్దగా నొప్పించకుండా, భార్యను భర్తకంటే తెలివైనదిగా చూపించి నవ్వించడం ఆయన సొత్తు. దూరదర్శన్‌లో ధర్మవరపు సుబ్రహ్మణ్యంగారి 'ఆనందో బ్రహ్మ' ఉంది. సినిమాల్లో జంధ్యాల ఉన్నారు. ఆయన 2001 జూన్‌లో కన్నుమూశారు, ఆ నవంబరులోనే అమృతం మొదలైంది. అలాగని ఇందులో లోపాలు లేవని కాదు. ఇప్పుడు చూస్తే కొన్ని భాగాలు సాగుతాయి. అవసరం లేని చోట వచ్చే చప్పుళ్లు చికాకు పెడతాయి. 2014లో 'అమృతం చందమామలో' అని సినిమాగా వచ్చినప్పుడు ఎంతో ఆశగా వెళ్లాం. పక్క పోర్షన్లో ఉండాల్సినవాళ్లు చంద్రమండలందాకా వెళ్లేసరికి మాకు నిజంగానే దూరమైపోయారు. 2020 ఉగాదికి 'అమృతం ద్వితీయం' వచ్చింది. దేశమంతా తలుపులు మూసుకున్న మొదటి రోజు అది. ఎల్.బి. శ్రీరామ్ ఆంజనేయులుగా కనిపించారు. బాగానే చేశారు. మా కళ్లే పాత మొహాన్ని వెతికాయి.

ఇప్పుడు మేము పుదుచ్చేరిలో, కోసపాళయంలో ఉంటున్నాం. మేడమీద రెండు గదుల పోర్షను, కింద యజమాని కుటుంబం. ఇది మాకు ఏడో అద్దె ఇల్లు. ఇంటి యజమానుల గురించి ఏడు ఇళ్లలో నేర్చుకున్నదానికంటే అప్పాజీ దగ్గర నేర్చుకున్నదే ఎక్కువ: మోటారు ఎప్పుడు వేయాలి, మేకులు ఎక్కడ కొట్టకూడదు, చుట్టాలు వస్తే ఎన్నాళ్లదాకా కనబడకుండా ఉంచవచ్చు. ఇదే కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన యానాం తెలుగు ఊరు. అయితే అది గోదావరి ఒడ్డున, ఇక్కడికి ఎనిమిది వందల కిలోమీటర్ల పైన ఉంది. మా సందులో వినబడేదంతా తమిళమే.

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. ఒక రాష్ట్రంలో పుట్టింది, రెండో రాష్ట్రంలో మాటలు నేర్చింది, మూడో చోట బడిలో చేరింది. హిందీ ధారాళంగా మాట్లాడుతుంది. తమిళం సందులో పట్టేసింది. తెలుగు మాత్రం అర్థమవుతుంది, అడిగితే హిందీలో జవాబిస్తుంది. తెలుగు చెప్పి బతికే ఇంట్లో ఇదొక ముల్లు. వాచకం ముందు కూర్చోబెడితే ఆవలింతలు. అందుకని పోయిన ఏడాది ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు అమృతం పెట్టడం మొదలుపెట్టాం. ఫోన్లో ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరుకుతుంది, అయినా ఆ వేళకే పెడతాం. వారానికి ఒక్కటే.

మొదటి వారాల్లో మేము ఒకటి గమనించాం. అది నవ్వేది, కానీ మా తరవాత నవ్వేది. మేము నవ్వగానే మా మొహాలు చూసి, ఇది నవ్వాల్సిన చోటు కాబోలు అని నవ్వేది. మాట దానికి అందేలోపు హాస్యం దాటిపోతోంది. అన్నం తింటున్న మాకు ముద్ద దిగలేదు. తరగతిలో కూడా ఇది చూశాం. సొంత ప్రాంతానికి దూరంగా పెరిగిన పిల్లలు తెలుగు వ్యాసం తప్పుల్లేకుండా రాస్తారు, వెటకారం మాత్రం అందుకోలేరు. 'ఆహా, గొప్ప పని చేశావులే' అంటే మెచ్చుకున్నామనుకుని థ్యాంక్స్ చెబుతారు. 'లే' అన్న ఆ ఒక్క అక్షరం ఎంత పని చేస్తుందో ఏ వ్యాకరణ పుస్తకమూ పిల్లవాడి చెవికి ఎక్కించలేదు.

ఆపి వివరించడం మొదలుపెడితే నవ్వు చచ్చిపోతుంది. అందుకని వివరించలేదు. ఒక పని చేశాం. మొదటి అబద్ధం పూర్తికాగానే బొమ్మ ఆపి, 'తరవాతి అబద్ధం ఏమై ఉంటుంది?' అని అడిగేవాళ్లం. తెలుగులో చెబితేనే బొమ్మ కదులుతుంది. తరగతిలోనూ ఇదే చేశాం, అక్కడ అబద్ధాలు నోట్‌బుక్కుల్లో రాయించాం. పిల్లలు గంగరాజుగారికంటే ఘోరమైన చిక్కులు పెట్టారు. ఒకడు ఏకంగా అప్పాజీని హోటల్లో పనికి కుదిర్చాడు. మా తెలుగు నోట్‌బుక్కుల్లో కొట్టివేతలు అన్ని ఎప్పుడూ లేవు, దిద్దడానికి అంత ఇష్టంగా ఎప్పుడూ కూర్చోలేదు.

ఎన్నో వారమో గుర్తులేదు గానీ, ఒక ఆదివారం ఆంజనేయులు ఏదో గొణిగాడు. మేము వినిపించుకోలేదు. అమ్మాయి పకపకా నవ్వింది. ఏమన్నాడే అని అడగాల్సి వచ్చింది. చెప్పింది, తెలుగులోనే చెప్పింది, చెబుతూ మళ్లీ నవ్వింది.

అప్పటినుంచి కింది యజమానిగారికి మా ఇంట్లో అప్పాజీ అనే పేరు స్థిరపడింది. ఇంట్లోనే ఉండాల్సిన పేరు. మొన్నొక రోజు మోటారు ఆపలేదని ఆయన మెట్లెక్కి వస్తుంటే అమ్మాయి లోపలికి పరుగెత్తి, "అప్పాజీ వస్తున్నారు!" అని గట్టిగా అరిచింది. ఆయన గుమ్మంలో నిలబడి అప్పాజీ ఎవరని తమిళంలో అడిగారు. అబద్ధం ఒకటి నోటిదాకా వచ్చింది. ఒకటి ఆడితే ఎక్కడిదాకా పోతుందో 313 భాగాలు చూసినవాళ్లం కనుక నిజమే చెప్పి, కూర్చోబెట్టి, ఒక భాగం పెట్టాం. సన్ టీవీలో వచ్చిన 'చిన్న పాపా పెరియ పాపా' వాళ్లింట్లో అందరూ చూసేవారట, ఇదీ అలాంటిదేనా అన్నారు. తెలుగు ముక్క రాకపోయినా ఆంజనేయులు మొహం చూసి రెండుసార్లు నవ్వారు. అమ్మాయి పక్కన కూర్చుని తెలుగు మాటను తమిళంలోకి మార్చి చెబుతూ వచ్చింది. అయిపోయాక లేచి, చెప్పులు వేసుకుంటూ, ఇంతకీ వాళ్లు అద్దె కట్టారా లేదా అని అడిగారు.

లేదని చెప్పాం. ఆయన ఒక్క క్షణం మా వైపు చూసి, మోటారు స్విచ్చి తానే ఆపి కిందికి దిగారు. ఆ నెల అద్దె మేము ఒకటో తారీఖునే ఇచ్చేశాం.