కాలేజీ కుర్రాళ్లు.. కంపెనీ కాగితం!

చదువుకునే కుర్రాళ్లు జీతానికి ఆడేవాళ్లను ఓడించగలరా? 1874లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ఏకంగా ఎఫ్‌ఏ కప్పే ఎత్తుకెళ్లింది. కాకపోతే అప్పట్లో అంతా సరదాకి ఆడేవాళ్లే! అసలు పరీక్ష 2002 నవంబర్‌లో వచ్చింది. వందేళ్లకు పైగా ఏ యూనివర్సిటీకీ దక్కని ఫస్ట్ రౌండ్‌కు బాత్ యూనివర్సిటీ వాళ్ల 'టీమ్ బాత్' చేరింది. ఎదురుగా ప్రొఫెషనల్ జట్టు మాన్స్‌ఫీల్డ్ టౌన్. సొంత గ్రౌండ్‌లో ఐదు వేల పైచిలుకు జనం. 4-2తో ఓడారు. అయితేనేం, రెండు గోల్స్ కొట్టారు కదా!

చిన్న జట్టు గెలవదని కాదు. 2017లో నాన్‌లీగ్ లింకన్ సిటీ, ప్రీమియర్ లీగ్ బర్న్‌లీని వాళ్ల గడ్డ మీదే 89వ నిమిషం గోల్‌తో ఓడించింది. టీమ్ బాత్‌కు దెబ్బ మైదానం బయట తగిలింది. లిమిటెడ్ కంపెనీ కాదు గనుక ప్రమోషన్ లేదన్నారు. ఎంత పనివాడైనా సీఎస్‌సీఎస్ కార్డు లేకపోతే సైట్ గేటు దగ్గరే ఆపేస్తారే, అలాగన్నమాట. 2009లో జట్టునే మూసేశారు.