తోటకు కంచె వేశాం, మరి ఫోనుకు?

ఈసారి జీవామృతం గురించి కాదు, కషాయాల గురించి కాదు. మామిడి కోతల మధ్యలో నాకు తగిలిన దెబ్బ గురించి చెప్తాను. నాలాగా వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుని పంట అమ్ముకునే ప్రతి రైతుకూ ఇది పనికొస్తుంది.

మాది నూజివీడు దగ్గర నాలుగెకరాల బంగినపల్లి తోట. కాయలు నేరుగా ఇళ్లకే పంపిస్తాం. షాపు లేదు, బోర్డు లేదు. మా షాపు అంటే నా ఫోన్ నంబరే.

మే నెలలో ఒక రోజు మా రైతుల గ్రూపులో 'పీఎం కిసాన్' పేరుతో ఒక ఏపీకే ఫైలు వచ్చింది. పంపింది తెలిసిన నంబరే. ఆయన ఫోన్ కూడా అప్పటికే వాళ్ల చేతిలో ఉందని తర్వాత తెలిసింది. నాన్నగారి విడత డబ్బులు పడ్డాయేమో చూద్దామని నొక్కాను. ఎస్సెమ్మెస్‌లు చదవడానికి పర్మిషన్ అడిగితే అదీ ఇచ్చేశాను. అగ్రికల్చర్ డిప్లొమా చదివినవాణ్ణి, అయినా నొక్కాను.

గంటలో నా వాట్సాప్ ఆగిపోయింది. నాకొచ్చిన ఓటీపీని ఆ యాప్ చదివి వాళ్లకు చేరవేసింది. వాళ్లు నా నంబరుతో వేరే ఫోనులో వాట్సాప్ తెరిచి, దానికి పిన్ కూడా పెట్టేశారు. నేను మళ్లీ తెరవాలంటే ఆ పిన్ కావాలి, లేదంటే 7 రోజులు ఆగాలి. పక్వానికొచ్చిన కాయ 7 రోజులు ఆగుతుందా?

ఈలోపు నా పేరుతో కస్టమర్లకు మెసేజ్‌లు వెళ్లాయి: "కాయలు ప్యాక్ చేశాం, డబ్బులు ఈ నంబరుకు వేయండి" అని. విజయవాడలో ఒక రిటైర్డ్ టీచరమ్మ 2,400 రూపాయలు పంపేశారు. "నువ్వే అడిగావనుకున్నాను బాబూ" అన్నారు. ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

మమ్మల్ని ఆదుకుంది అమ్మ నోటు పుస్తకం. మొదటి ఏడాది నుంచి ప్రతి ఆర్డరూ పేరు, నంబరుతో సహా రాసిపెడుతుంది. ఇద్దరం కూర్చుని రాత్రి 11 దాకా అందరికీ ఫోన్లు చేశాం. టీచరమ్మ చేత వెంటనే 1930కి ఫోన్ చేయించాను. ఆవిడ పెట్టెలు మాత్రం డబ్బు తీసుకోకుండానే పంపాను.

ఇప్పుడు నేను పాటిస్తున్నవి ఇవీ:

1. వాట్సాప్ సెట్టింగ్స్‌లో అకౌంట్, అందులో టూ స్టెప్ వెరిఫికేషన్. అక్కడ 6 అంకెల పిన్ పెట్టుకోండి. నేను ముందే పెట్టుకుని ఉంటే ఓటీపీ పోయినా వాట్సాప్ పోయేది కాదు. వీడియోలో నా ఫోన్ మీదే చూపించాను.

2. ఏపీకే ఫైలు ఎవరు పంపినా నొక్కొద్దు. యాప్ కావాలంటే ప్లే స్టోర్‌లోనే వెతకండి. పొరపాటున నొక్కితే ముందు నెట్ ఆపి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి, ఆ తర్వాత ఫోన్ రీసెట్ చేయించండి.

3. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ అవసరం లేదు. "పెద్ద ఆర్డరు, అడ్వాన్సు వేస్తాం, స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటే అది మోసమే. స్క్రీన్‌షాట్ చూసి సరుకు పంపొద్దు, ఖాతాలో పడిందో లేదో చూసుకోండి.

4. అమ్మకాల డబ్బుకు వేరే ఖాతా, వేరే సిమ్ పెట్టుకోండి. కస్టమర్ల నంబర్లు కాగితం మీద కూడా ఉండాలి.

5. డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెప్తే, ఆ డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

పురుగు పడ్డాక పరిగెత్తడం కన్నా ముందే గట్టు చుట్టూ జొన్న వేసుకోవడం మేలని మనకు తెలుసు. ఆ 6 అంకెల పిన్ కూడా అలాంటిదే. రెండు నిమిషాల పని, ఈ రోజే చేసేయండి.