మన సెప్టిక్ ట్యాంకు చివరికి ఎవరి మంచినీళ్లలో కలుస్తోంది?

కిందటి నెల మా ఇంటి సెప్టిక్ ట్యాంకు నిండిపోయి బాత్రూంలోకి నీళ్లు వెనక్కి తన్నాయి. ఇల్లు కట్టి 14 ఏళ్లయింది, ఒక్కసారి కూడా తీయించలేదు. నాన్న ఫోన్ చేస్తే ట్యాంకర్ వచ్చింది, అరగంటలో మొత్తం లాగేసింది. వెళ్లేటప్పుడు డ్రైవర్‌ని ఊరికే అడిగాను, "బాబాయ్, ఇదంతా ఎక్కడ పోస్తారు?" అని. "ఊరి బయట కాలవలోనే బాబూ. చోటు చూపిస్తే అక్కడే పోస్తాను, చూపించేదెవరు?" అన్నాడు. ఆయన మీద కోపం రాలేదు. నిజంగానే చోటు లేదు.

మాది గోదావరి డెల్టాలో చిన్న టౌను. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలవే మాకు గోదావరి. ఆ కాలవ నీళ్లే దిగువ ఊళ్లవాళ్లు చెరువుల్లో నింపుకుని, ఫిల్టర్ చేసుకుని తాగుతారు. ఇప్పుడు అర్థమైంది కదా, మా ట్యాంకు ఎక్కడికి వెళ్లిందో.

ఒక చిన్న లెక్క చూద్దాం. టౌనులో మనిషికి రోజుకి 135 లీటర్ల నీళ్లు ఇవ్వాలని ప్రమాణం. అందులో దాదాపు 80 శాతం మురుగుగా బయటికొస్తుంది. 50,000 మంది ఉన్న ఊరైతే రోజుకి 54 లక్షల లీటర్లు. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు వెయ్యికి పైనే, ప్రతిరోజూ! దేశం మొత్తం మీద పట్టణాల మురుగు రోజుకి సుమారు 7,200 కోట్ల లీటర్లని, శుద్ధి అయ్యేది 2,000 కోట్ల లీటర్లేనని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో లెక్క చెప్పింది.

సరే, కలిస్తే ఏమవుతుంది? నది తనే శుభ్రం చేసుకోదా అంటారు పెద్దవాళ్లు. కొంతవరకు నిజమే. నీళ్లలో ఉండే బ్యాక్టీరియా మురుగుని తినేస్తుంది. కానీ తినేటప్పుడు దానికి ఆక్సిజన్ కావాలి. ఎంత కావాలో చెప్పే కొలతే బీఓడీ. శుద్ధి చెయ్యని మురుగుకి లీటరుకి 200 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. మంచి నది నీళ్లలో ఉండే ఆక్సిజనేమో లీటరుకి 8 మిల్లీగ్రాములు. అంటే ఒక్క లీటరు మురుగు 25 లీటర్ల నదిని ఊపిరాడకుండా చేస్తుంది. వరదలప్పుడు పర్లేదు. ఎండాకాలం ప్రవాహమే లేనప్పుడు చేపలు పైకి తేలేది అందుకే. స్నానానికి పనికొచ్చే నీళ్లలో బీఓడీ 3 మించకూడదు. ఇక సెప్టిక్ ట్యాంకు అడుగు బురద అయితే మామూలు మురుగు కంటే ఎన్నో రెట్లు చిక్కన.

"మాకు సెప్టిక్ ట్యాంకు ఉంది కదా, శుద్ధి అయిపోతుంది" అని నేనూ అనుకునేవాణ్ణి. అది చేసేది సగం పనే. బరువైనది అడుక్కి దిగుతుంది, తేలికైనది పైన తెట్టులా కడుతుంది, మధ్యలో నీళ్లు బయటికి పోతాయి. ఆ నీళ్లలో సూక్ష్మజీవులు అలాగే ఉంటాయి. వాటిని ఇంకుడు గుంతలోకి వదలాలి. కానీ డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీళ్లు పడతాయి, ఇంక ఇంకేదెక్కడ? అందుకే మేస్త్రీలు పైపు తీసుకెళ్లి నేరుగా వీధి కాలవలో పెట్టేస్తారు. మా ఇంటిదీ అంతే, మొన్న వెళ్లి చూశాను. రెండు మూడేళ్లకోసారి తీయించకపోతే అడుగు బురద కూడా ఆ పైపులోంచే పోతుంది.

మరి అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ, పెద్ద ప్లాంటు వచ్చేదాకా చేతులు కట్టుకోవాలా? బెంగళూరు ఎయిర్‌పోర్టు పక్కన దేవనహళ్లి అని చిన్న ఊరుంది. 2015 నాటికి అక్కడా భూగర్భ డ్రైనేజీ లేదు. ఆ ఏడాదే ట్యాంకర్ బురద కోసం ఒక చిన్న ప్లాంటు పెట్టారు. ట్యాంకర్ అక్కడికొచ్చి ఖాళీ చేస్తుంది. బురదని కుళ్లబెట్టి, ఆరబెట్టి, ఊరి తడిచెత్తతో కలిపి ఎరువు చేసి రైతులకి ఇస్తారు. మన దగ్గర వరంగల్‌లో, నర్సాపురంలో కూడా బురద ప్లాంట్లు కట్టారు. అంటే మనకి కొత్తేం కాదు. అయితే ఇది ట్యాంకర్ బురదకే మందు, వీధి కాలవలో పారే నీళ్లకి కాదు. దానికి కాలవ నదిలో కలిసేచోట మళ్లించి శుద్ధి చెయ్యాల్సిందే.

మీ ఇంటికి ఈసారి ట్యాంకర్ వచ్చినప్పుడు ఎక్కడ పోస్తారో అడిగి, ఊరి పేరుతో కామెంట్‌లో రాయండి. డ్రైవర్ ఫొటో, బండి నంబర్ మాత్రం పెట్టొద్దు ప్లీజ్. అవన్నీ ఒక లిస్టు చేసి మా మున్సిపాలిటీ ఆఫీసుకి తీసుకెళ్తాను. వాళ్లేమన్నారో వచ్చే ఎపిసోడ్‌లో చెప్తా.