అపాయమును ముందుగా చెప్పు హక్కు

కర్మాగారమందు ప్రమాదము సంభవించిన పిమ్మట, బాధ్యులెవరు, పరిహారమెంత అను చర్చ పత్రికలలో కొన్నిదినములు సాగుట మనమెరిగినదే. కాని యంత్రముచెంత నిలిచి పనిచేయువాడు రానున్న కీడును పసిగట్టి, "ఇచ్చట ప్రాణభయమున్నది" అని పైవారికి చెప్పుటకు చట్టమొసగిన హక్కును గురించి మాటలాడువారు మిక్కిలి అరుదు. కార్మికుని హక్కులన్నిటిలో నాకిదియే ప్రథమగణ్యమని తోచును. ఏలయన, బాకీపడిన వేతనమును ఆలస్యముగనైన రాబట్టవచ్చును గాని, ఊపిరితిత్తులలో చేరిన రాతిధూళిని ఏ న్యాయస్థానపు తీర్పును వెలికి తీయజాలదు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము యంత్రములకు కంచెలు, పనిగంటలకు పరిమితి, త్రాగునీరు మొదలగువానిని విధించినదేగాని, కార్మికుని హెచ్చరికకు స్థానమీయలేదు. భోపాలులోని క్రిమిసంహారక మందుల కర్మాగారమందు 1981 డిసెంబరులోనే ఫాస్జీన్ వాయువు సోకి ఒక కార్మికుడు మరణించెను. అచ్చటి కార్మికసంఘములు మొరపెట్టుకొనినవి. రాజ్‌కుమార్ కేశ్వానీ అను పత్రికారచయిత 1982లోనే నగరవాసులను హెచ్చరించుచు వ్రాసెను. ఆ మాటలను విని తీరవలెనను నిర్బంధము మాత్రము ఎవ్వరికిని లేకపోయెను. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి మిథైల్ ఐసోసయనేటు వెలువడి వేలకొలది జనులను బలిగొనిన తరువాతగాని, 1987లో చట్టమును సవరించి, అపాయకర ప్రక్రియలను గూర్చి ప్రత్యేకాధ్యాయమును చేర్చుట జరుగలేదు.

అందలి 41-హెచ్ సెక్షను ప్రకారము, అపాయము ఆసన్నమైనదని సహేతుకముగా శంకించిన కార్మికుడు ఆ సంగతిని యజమానికిగాని మేనేజరుకుగాని తెలుపుచు, అదే సమయమున ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకును తెలుపగలిగెడివాడు. యజమాని ఒప్పుకొనినచో తత్‌క్షణమే సరిదిద్ది నివేదిక పంపవలసియుండెను; ఒప్పుకొననిచో, "ఏమియు లేదు, పనిచూచుకొమ్ము" అని త్రోసిపుచ్చుటకు వీలులేక, విషయమును ఇన్‌స్పెక్టరుకే నివేదింపవలసియుండెను; ఆయన నిర్ణయమే తుదినిర్ణయముగా నుండెను. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన వృత్తిభద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ ఈ హక్కును అపాయకర పరిశ్రమలకే పరిమితము చేయక, తన పరిధిలోని సంస్థల ఉద్యోగులందరికిని కల్పించినది. ఇది హర్షింపదగిన మార్పే. అయితే విద్యుచ్ఛక్తితో నడచు కార్ఖానా ఫ్యాక్టరీ అనిపించుకొనుటకు వలసిన కార్మికుల సంఖ్యను 10 నుండి 20కి పెంచి, ఫ్యాక్టరీలకే చెల్లు రక్షణలను చిన్న కార్ఖానాలకు దూరము చేసినదియు ఆ కోడే.

చెప్పు హక్కు సరే, తొలగు హక్కు మాటయేమి? తీవ్రమైన అపాయము కన్నులయెదుట నున్నప్పుడు పనిని విడిచి ఈవలకు వచ్చిన కార్మికుని దండింపరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లోనే తన 155వ ఒడంబడికలో వ్రాసినది. అంత స్పష్టమైన అభయము మన కోడ్‌లో కానరాదు. కాంట్రాక్టరు చేతిక్రింద దినకూలికి వచ్చినవాడు, రేపు గేటులోనికి రానిత్తురో లేదో యను భయముతో, వాసన తగిలినను నోరు మెదపకుండుటకు ఇదియొక కారణము.

భాష మరియొక అడ్డంకి. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారములోని ఔషధపదార్థముల కర్మాగారమందు ప్రేలుడు సంభవించి 40 మందికి పైగా మరణించిరి. వారిలో ననేకులు బీహారు, ఒడిశా మొదలగు ప్రాంతములనుండి వలస వచ్చినవారు. చట్టసారాంశపు ప్రకటనలు ఇంగ్లీషులోను, కార్మికులలో అధికసంఖ్యాకుల భాషలోను ఉండవలెనని 1948 నాటి చట్టము విధించినది. అధికసంఖ్యాకులు కానివారు వానినెట్లు చదువుదురు? ప్రాణమునకు సంబంధించిన సూచన ప్రతివానికిని తన భాషలోనే అందవలెనని నేను దృఢముగా భావింతును.

కావున అపాయమును గమనించినవారు నోటిమాటతో సరిపెట్టక, తేదీవేసి కాగితముమీద వ్రాసి, ఒక ప్రతిని ఇన్‌స్పెక్టరు కార్యాలయమునకు పంపి, అందినట్లు సంతకము గైకొని, మరియొక ప్రతిని ఇంటియందు భద్రపరచుకొనవలెను.