ఎఱ్ఱనేలలో కందివేరు చేయు పని

జొన్నసాళ్ల నడుమ కంది విత్తుట మన మెట్టరైతులకు తాతలనాటి వాడుక. జొన్న పోయినను కంది దక్కుననియు, ఆకు రాలి నేలకు బలమగుననియు, కందికంప పొయ్యికి పనికివచ్చుననియు వారు చెప్పుదురు. అన్నియు నిజములే. నేలలోపల జరుగు వేఱొక కార్యమును గూర్చి మేమిచ్చట వ్రాయుచున్నాము.

భాస్వరము లేనిదే పైరునకు వేరు సాగదు, గింజ కట్టదు. నత్రజనివలె నది గాలిలో దొరకునది కాదు. నేలలోని ఖనిజములనుండియే రావలయును. అయితే నేలలో భాస్వరమున్నను పైరు పస్తుండవచ్చును. ఏలయన, వేరు నీట కరగినదానినే పీల్చగలదు. తెలంగాణపు చెలకనేలలలో భాస్వరము చాలవఱకు ఇనుముతో కూడి యుండును. నల్లరేగడిలో సున్నముతో కూడి యుండును. ఇనుముతో కూడినది నీట కరగుట మిక్కిలి అరుదు. గాదెలో ధాన్యమున్నది గాని తాళపుచెవి లేదు.

ఆ తాళపుచెవి కందివేరున నున్నదని పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధనాలయమున పనిచేసిన జపాను శాస్త్రజ్ఞులు, వారి సహచరులు 1990లో ప్రకటించిరి. భాస్వరపు ఎరువు వేయని ఎఱ్ఱమట్టిలో జొన్న మొదలగు పైరులు క్షీణింపగా కంది పెరిగెను. కందివేరు పిసిడిక్ ఆమ్లమను దానిని స్రవించును. చింతపండుతో తోమినపుడు ఇత్తడిచెంబు చిలుము వదలుట చదువరు లెఱుగుదురు. కాని ఇది వట్టి పులుపు చేయు పని యని తలపరాదు. ఆ యామ్లము ఇనుమును పట్టుకొని తనతో చేర్చుకొనును. అంతట భాస్వరము విడివడి వేరున కందును. కందివేళ్లనుండి మఱికొన్ని ఆమ్లములును వెలువడునని తరువాతివారు కనుగొనిరి. శనగవేళ్లు నిమ్మపండులోని యామ్లమునే స్రవించి, రేగడిలో సున్నముతో కూడిన భాస్వరమును కరగించును. శనగ ఆకుమీది పులుపు నెఱిగిన పల్లెపిల్లలకు ఇది వింతగా తోపదు.

కంది వేసిన చేనికి ఎరువే అక్కఱలేదను మాట మాత్రము మేమొప్పుకొనజాలము. కంది భాస్వరమును పుట్టింపదు. ఉన్నదానిని వెలికి తీయును. రాలిన ఆకుతో కొంత నేలకే మరలును, అది కుళ్లినపిమ్మట వెనుక వేసిన జొన్నకు చెందును. కంప కాల్చినను భాస్వరము చాలవఱకు బూడిదలో నిలుచును గనుక, ఆ బూడిదను పెంటకుప్పలో వేసినచో చేనికే చేరును. గింజతో అంగడికి పోయినదానికి బదులు పశువులపెంటయో, ఎముకలపొడియో, సూపర్ ఫాస్ఫేటో వేయక తప్పదు.