తంబళ్లపల్లెలో అక్షరములెన్ని?

'తంబళ్లపల్లె' అను మాటలో అక్షరములెన్ని యని అడిగినచో మూడవ తరగతి బాలుడును వ్రేళ్లు ముడిచి ఐదని చెప్పును. కంప్యూటరు నడిగినచో పదునొకండనును. ఆ మాటను దాచిన ఫైలెంత యని అడిగినచో ముప్పదిమూడు బైటులని జవాబు వచ్చును. మూడు సమాధానములును సత్యములే. బాలుడు చెవికి వినబడినవానిని లెక్కించెను. యంత్రము తనకు తెలిసిన గుర్తులను లెక్కించెను. ఫైలు లెక్క ఆ గుర్తులు ఆక్రమించిన చోటునకు సంబంధించినది. ఈ మూడు లెక్కల నడుమ భేదమెఱుగనివాడు ఇంటర్నెట్టులోని తెలుగు ఫైలును యంత్రముచేత చదివింపజాలడు. చదివించినను ఆ చదువును నమ్మజాలడు.

నేడు విద్యార్థులు స్క్రిప్టులు వ్రాయ నేర్చుచున్నారు. స్క్రిప్టనగా యంత్రము వరుసగా చేయవలసిన పనుల పట్టీ. పెండ్లి పనులకై ఇంటి పెద్ద వ్రాసియిచ్చు జాబితా వంటిది. అయితే పెద్ద మఱచిన పనిని ఇంటివారు తామే గ్రహించి చేయుదురు. యంత్రము వ్రాసినంత మాత్రమే చేయును. ఇంటర్నెట్టులోని పాఠ్యపు ఫైలును చదువు స్క్రిప్టునకు పనులు ఐదు. మొదట ఫైలుండు చిరునామా నిచ్చి సర్వరు నడుగవలెను. రెండవది, వచ్చిన జవాబును పరీక్షింపవలెను: 200 అను సంఖ్య వచ్చిన ఫైలు దొరకినట్లు, 404 వచ్చిన ఆ చిరునామాలో లేనట్లు. మూడవది, వచ్చిన బైటులను అక్షరములుగా మార్చవలెను. నాలుగవది, పాఠమును పంక్తులుగాను, పంక్తులను కామాలకడ గడులుగాను విడదీయవలెను. ఐదవది, రావలసిన పంక్తులన్నియు వచ్చినవో లేదో లెక్కచూచుకొనవలెను. వీనిలో నాలుగింటిని కంప్యూటరు ఉపాధ్యాయుడు చక్కగా నేర్పగలడు. మూడవ పనిలో మాత్రము తెలుగు పంతులకును పాలు గలదు.

యంత్రమునకు తెలిసినవి సంఖ్యలే. ప్రపంచమందలి లిపులకు సంఖ్యలు కేటాయించు యూనికోడ్ ప్రమాణము తొలిసారి 1991లో వెలువడెను. తెలుగు అందు మొదటినుండియు గలదు. మన లిపికిచ్చిన స్థలము 3072 మొదలు 3199 వఱకు, నూట ఇరువదియెనిమిది గదులు. అందు 'త' సంఖ్య 3108. సున్న సంఖ్య 3074. కాని 'ళ్ల' వంటి సంయుక్తాక్షరమునకు ప్రత్యేకముగా గది లేదు. ళ (3123), పొల్లు (3149), ల (3122) అను మూడును వరుసగా నిలిచినప్పుడు, తెరపై ఫాంటు వానిని కూర్చి ఒకే అక్షరముగా చూపును. కావుననే బాలునికి ఒక్కటైనది యంత్రమునకు మూడయ్యెను. ఒత్తును విప్పి హల్లును, పొల్లును వేఱుచేసి చూపుట వ్యాకరణ తరగతిలో మనము చేయు పనియే గనుక, ఇది తెలుగు విద్యార్థికి వింతగా తోచరాదు.

ఈ సంఖ్యలను బైటులుగా దాచుటకు పలు పద్ధతులు గలవు. నేడు ఇంటర్నెట్టులో అధికముగా చెల్లునది యూటీఎఫ్-8. దీనిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు రూపొందించిరి. ఇందు సామాన్యమైన ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు, తెలుగు గుర్తునకు మూడు బైటులు. 'త' యనగా 224, 176, 164. ఈ మూటిని కలిపి చదువు స్క్రిప్టునకు 'త' కనబడును. బైటున కొక్క అక్షరము చొప్పున లెక్కించు పశ్చిమ ఐరోపా పాత పద్ధతిలో చదివినచో, నెత్తిన గీత గల లాటిన్ అక్షర మొకటి, ఉష్ణోగ్రత కుపయోగించు డిగ్రీ గుర్తొకటి, ఏ దేశపు నాణెమునకును చెందని ద్రవ్యచిహ్న మొకటి కనబడును. తెలుగు వికీసోర్సునుండి తెచ్చిన వేమన పద్యములు ఇట్టి చిహ్నముల గుంపుగా తెరపై పడినచో, విద్యార్థి ఫైలు చెడినదని తలంచి దానిని పాఱవేయును. ఫైలునకు ఏ లోపమును లేదు. చదువవలసిన పద్ధతి యూటీఎఫ్-8 అని స్క్రిప్టులో ఒక్క మాట చేర్చిన చాలును, పద్యము మరల పద్యమగును. యూనికోడు వ్యాపింపక పూర్వము సొంత ఫాంటులతో కూర్చిన తెలుగు ఫైళ్ల సంగతి వేఱు. వానిలో ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు అక్షర ఖండములు కూర్చబడినవి. ఆ ఫాంటునకు తగిన మార్పిడి పట్టిక లేనిదే అవి చదువుట కలవిగావు.

ఇంతవఱకు చెప్పిన తప్పులు కంటికి కనబడునవి. కనబడని తప్పు ఇంతకంటె ప్రమాదకరము. ఊరి పేరును కొందఱు 'తంబళ్లపల్లె' యనియు, కొందఱు 'తంబళ్ళపల్లె' యనియు వ్రాయుదురు. బస్సుపై బోర్డు చదువు రైతు ఈ భేదమును గమనింపనైన గమనింపడు. యంత్రమునకు పదునొకండు సంఖ్యలలో ఆఱవది 3122 బదులు 3123 అయ్యెను. ఆ ఒక్కటి చాలును, రెండును వేఱు ఊళ్లని నిర్ణయించుటకు. ఒక పట్టీలో లకార మొత్తుతోను, మఱియొక పట్టీలో ళకార మొత్తుతోను ఉన్నప్పుడు, ఆ రెండింటిని సరిపోల్చు స్క్రిప్టు 'లేదు' అని చెప్పి ముందునకు సాగును. మల్లయ్యకొండ చెంత ఊరు ఎప్పటివలెనే యున్నది. పట్టీలో మాత్రము మాయమైనది. ఆ పట్టీ పింఛనులకు సంబంధించినదైనచో, పరీక్షకు కూర్చుండు బాలురదైనచో, ఒక్క ఒత్తు ఎవరికి నష్టము కలిగించునో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఇంగ్లీషు పట్టీలను ఆశ్రయింతమన్న అక్కడను ఇదే చిక్కు: మొదటి 'టి' ప్రక్కన 'హెచ్' ఉంచువారు కొందఱు, ఉంచనివారు కొందఱు, చివర 'ఇ' వ్రాయువారు కొందఱు, 'ఐ' వ్రాయువారు కొందఱు.

పేర్ల చిక్కు ఊళ్లతో తీరదు. ఈ సీమకు కీర్తి తెచ్చిన పదునెనిమిదవ శతాబ్దపు కవయిత్రిని తరిగొండ అనియు తరికొండ అనియు, వెంగమాంబ, వేంగమాంబ, వెంకమాంబ అనియు వ్రాయుట గలదు. రెండు ఊరి పేర్లు, మూడు మనిషి పేర్లు కలియగా ఆఱు రూపములు. ఒక్క రూపముతో వెదకు విద్యార్థికి తక్కిన అయిదింటి క్రింద నున్నది దొరకదు. ఆమెను గూర్చి వ్రాసినవారే అరుదని అతడు నమ్మును.

ఈ భేదములలో కొన్నింటిని యంత్రమే సవరింపగలదు. 'శైవము' అను మాటలోని ఐత్వమును 3144 అను ఒకే గుర్తుగా దాచవచ్చును. 3142, 3158 అను రెండు గుర్తులుగాను దాచవచ్చును. ఈ రెండును సమానములని యూనికోడ్ ప్రమాణమే నిర్ణయించినది. స్క్రిప్టులో ఒక ఆదేశముతో వానిని ఏకరూపము చేయవచ్చును. 'ళ్ల', 'ళ్ళ' అట్లు కావు. అవి రెండు వర్ణక్రమములు. ఒకచోట అవి ఒకే ఊరికి రెండు రూపములు కావచ్చును. మఱియొకచోట ఒక్క హల్లు మాఱగా అర్థమే మాఱవచ్చును. కలి, కళి యను మాటలను ఒక్కటి చేయదగునా? ఈ తీర్పు భాష తెలిసినవారు చెప్పవలసినదే.

ఇట్టి తీర్పులు మనకు క్రొత్తవి కావు. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడు వఱకు మదనపల్లె ప్రాంతము కడప జిల్లాలోనిది. ఆ కడపలోనే సి.పి. బ్రౌను పండితులను జీతములకుంచి, వ్రాతప్రతులను తెప్పించి, ఒకదానితో నొకటి సరిపోల్చించెను. ఆయన వేమన పద్యముల సంపుటము 1829లో మద్రాసున అచ్చయ్యెను. ప్రతికిని ప్రతికిని పాఠభేదముండును. ఏది లేఖకుని పొరపాటు, ఏది ప్రాంతపు పలుకుబడి యని విచారించి తేల్చుటయే పరిష్కర్త పని. నేడు తాటాకునకు బదులు ఫైలు, లేఖకునికి బదులు టైపు చేసిన అజ్ఞాత వ్యక్తి. విచారము మాత్రము అదియే.

కావున స్క్రిప్టు వ్రాయు విద్యార్థికి ఉపాధ్యాయులు నాలుగు అలవాట్లు నేర్పవలెను. తెచ్చిన ఫైలును, తెచ్చిన తేదీతో, ముట్టకుండ ఒకచోట భద్రపఱచుకొని, సవరణలన్నియు దాని నకలుపై చేయవలెను. సర్వరును మాటిమాటికి అడుగు శ్రమయు తప్పును, పల్లెలో నెట్టు నిలిచిపోయినను పని సాగును. చదువు పద్ధతిని స్పష్టముగ పేర్కొనవలెను. ఒకే పేరుకుగల రూపములను పట్టికగా వ్రాసి, దేనిని దేనిగా గ్రహించితిమో చెప్పవలెను. చివరిది ముఖ్యమైనది: యంత్రము 'లేదు' అన్నప్పుడు, తాను వ్రాసిన రూపములో లేదని మాత్రమే గ్రహించి, మఱియొక రూపముతో మరల అడుగవలెను.

ఈ నాలుగింటికిని పెద్ద యంత్రములు అక్కఱలేదు. తరగతిలోని ప్రతి విద్యార్థిచేతను తన ఊరి పేరును ఎన్ని విధముల వ్రాయుదురో పట్టీ వ్రాయించి, ఒక్కొక్క రూపమును సంఖ్యలుగా విడదీయించిన చాలును. ఒక గంట పాఠములో వర్ణక్రమము, వ్యాకరణము, గణితము మూడును కలిసివచ్చును. ఆ గంటను కంప్యూటరు ఉపాధ్యాయుడును తెలుగు పంతులును ప్రక్కప్రక్కన నిలిచి చెప్పుట మేలు.