అమ్మే ముందు గాడిని చూడండి: పాత రికార్డుల సెట్ వెనుక ఉన్న విజ్ఞానం

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో ఒక తెలుగు ఇంటిని ఊహించుకుందాం. కరీంనగర్ వైపు నుంచి మరమగ్గాల పనికి వచ్చి అక్కడే స్థిరపడిన కుటుంబం. తండ్రి పోయాక ఇల్లు మారుతుంటే అటక మీద ఒక రేకు పెట్టె కనిపించింది. పైన అట్ట కవర్లలో ఐదు పెద్ద రికార్డులు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన ‘బాలాజీ పంచరత్నమాల’ ఐదు భాగాలూ ఉన్నాయి. అడుగున పాత ధోవతిలో చుట్టి పెట్టిన, కాస్త చిన్నవైన, బరువైన రికార్డులు మరికొన్ని. వాటిని వినిపించే యంత్రం మాత్రం ఇంట్లో లేదు. పాత సామాన్ల వ్యాపారి పెట్టె మొత్తానికి కలిపి ఒక ధర చెప్పాడు. “సేకరించేవాళ్లకు అమ్మితే ఇంకా ఎక్కువ వస్తుంది, ముందు శుభ్రంగా తుడవండి” అన్నారు పక్కింటివాళ్లు. ఇంట్లో స్పిరిట్ సీసా ఉంది, సూరత్‌లో గుడ్డముక్కలకు కరువే లేదు.

ఇలాంటి పెట్టెలకు అసలు గండం సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. పైనున్న రికార్డులు ప్లాస్టిక్‌వి. అడుగున ఉన్నవి లక్కవి. స్పిరిట్‌లో లక్క కరిగిపోతుంది. ఒక్క తుడుపుతో అందులోని గొంతు శాశ్వతంగా చెరిగిపోవచ్చు. అందుకే అమ్మకం గురించి ఆలోచించే ముందు మన చేతిలో ఉన్నది ఏ పదార్థమో, దాని మీద పాట ఎలా నిలిచి ఉందో తెలుసుకోవాలి.

లక్క నుంచి వినైల్ దాకా

ఎమిల్ బెర్లినర్ 1887లో గ్రామఫోన్‌కు పేటెంట్ పొందారు. ఆ తర్వాత కొన్నేళ్లకు రికార్డుల తయారీలో షెల్లాక్, అంటే శుద్ధి చేసిన లక్క, స్థిరపడింది. చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు స్రవించే జిగురు ఇది. ప్రపంచానికి దీన్ని ప్రధానంగా అందించిన దేశం మనదే. లక్క మీద పరిశోధన కోసం 1924లోనే రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో ఒక సంస్థ ఏర్పడింది. అయితే రికార్డు మొత్తం లక్క కాదు. మెత్తగా నూరిన రాతిపొడి, నూలు పీచు, నలుపు రంగు కోసం కార్బన్ పొడి కలిపి, వాటిని పట్టి ఉంచే బంధకంగా లక్కను వాడేవారు. ఈ రికార్డులు నిమిషానికి సుమారు 78 చుట్లు తిరుగుతాయి. పది అంగుళాల రికార్డులో ఒక వైపు మూడు నిమిషాల పాట పడుతుంది. కింద పడితే పింగాణీ పళ్లెంలా పగిలిపోతుంది.

1948లో కొలంబియా సంస్థ అమెరికాలో ఎల్‌పీని విడుదల చేసింది. అది పాలీ వినైల్ క్లోరైడ్, క్లుప్తంగా పీవీసీ, ఆధారంగా చేసిన ప్లాస్టిక్. అందులో రాతిపొడి లేదు కనుక గరగర తగ్గింది. గాడి సన్నబడింది, వేగం నిమిషానికి 33⅓ చుట్లకు దిగింది. దాంతో ఒక వైపు ఇరవై నిమిషాలకు పైగా పాట పట్టింది. మన దేశంలో మాత్రం లక్క రికార్డులు 1960ల దాకా కొనసాగాయి. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ పాటలు తెలుగు ఇళ్లకు చేరింది ఈ 78 చుట్ల రికార్డుల మీదే. ‘పంచరత్నమాల’ 1980కి అటూ ఇటూ, తిరుమల తిరుపతి దేవస్థానం చొరవతో ఎల్‌పీలుగా వచ్చింది. ఒకే పెట్టెలో రెండు కాలాల పదార్థాలు చేరడం అందుకే మామూలు.

వాటిని వేరు చేయడానికి ప్రయోగశాల అక్కర్లేదు. లేబుల్ మీద వేగం చూడండి. చేతిలో బరువు చూడండి. అంచు పట్టుకుని చూస్తే వినైల్ కాస్త వంగుతుంది. లక్క వంగదు, వంచబోతే విరుగుతుంది. కాబట్టి బరువుగా, బిర్రుగా అనిపిస్తే అక్కడితో ఆపేయండి.

అర కిలోమీటరు గాడి

ఎల్‌పీ మీద కనిపించే వలయాలు నిజానికి వేర్వేరు గీతలు కావు. బయటి అంచు నుంచి లోపలికి చుట్టుకుంటూ వెళ్లే ఒకే ఒక్క గాడి అది. ఇరవై రెండు నిమిషాల పాటకు రికార్డు సుమారు 733 చుట్లు తిరుగుతుంది. సగటు చుట్టు పొడవుతో హెచ్చిస్తే గాడి దాదాపు అర కిలోమీటరు ఉంటుంది. వెడల్పు మాత్రం మన తలవెంట్రుక పాటిదే. గాడి రెండు గోడల్లోని వంపులే శబ్దం. స్టీరియో రికార్డులో ఒక గోడది ఎడమ స్పీకరు, రెండో గోడది కుడి స్పీకరు.

వాడుకలో ‘ముల్లు’ అనే స్టైలస్ ఆ వంపుల వెంట నడుస్తుంది. మంచి ప్లేయర్లలో దాని కొస వజ్రం. వజ్రాల సానకు ప్రపంచంలోనే పేరుపడ్డ సూరత్ వాసులకు దీని సంగతి వేరే చెప్పక్కర్లేదు. సాన పట్టే కార్మికులు రాతికి పలకలు తీస్తారు, ఆ పలకలే దానికి విలువ. రికార్డు ముల్లు విషయంలో సరిగ్గా దానికి వ్యతిరేకం. వందల గంటలు వాడాక గుండ్రటి కొస అరిగి దానికీ చదునైన పలకలు ఏర్పడతాయి. వాటి అంచులు ఉలిలా గాడి గోడను చెక్కేస్తాయి. ముల్లు మోపే బరువు గ్రామున్నర, రెండు గ్రాములే. కానీ అది ఆనే చోటు కంటికి కనిపించనంత చిన్నది కనుక అక్కడి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు వందల కిలోలు దాటుతుంది. మధ్యలో ఇసుక రేణువు ఉంటే అది ప్లాస్టిక్‌లోకి దిగబడుతుంది.

అందువల్ల “ఒకసారి పెట్టి చూద్దాం” అని ఏదో ఒక పాత యంత్రం మీద అరుదైన రికార్డు పెట్టకూడదు. ఉక్కు ముల్లు, బరువైన తల ఉన్న కీ ఇచ్చే గ్రామఫోన్ మీద ఎల్‌పీ పెడితే ఒక్కసారికే పాడవుతుంది. 78 చుట్ల రికార్డును ఎల్‌పీ ముల్లుతో వింటే మరో రకం ఇబ్బంది. ఎల్‌పీ ముల్లు కొస వ్యాసార్ధం 18 మైక్రోమీటర్ల దగ్గర ఉంటుంది. పాత వెడల్పాటి గాడికి సుమారు 75 మైక్రోమీటర్ల కొస కావాలి. సన్నటి ముల్లు గోడలకు ఆనకుండా గాడి అడుగున కూరుకుపోయి, అక్కడి దుమ్మునే మనకు వినిపిస్తుంది.

గుడ్డతో తుడిస్తే దుమ్ము ఎందుకు పెరుగుతుంది?

మగ్గం షెడ్డులో పనిచేసినవారికి ఇది అనుభవమే. గాలి పొడిగా ఉన్న రోజు సింథటిక్ దారం ఒంటికి అంటుకుంటుంది, నూగు పోగవుతుంది. రెండు పదార్థాలు రాసుకున్నప్పుడు ఒకదాని నుంచి మరోదానికి ఎలక్ట్రాన్లు మారడమే కారణం. పీవీసీ ఎలక్ట్రాన్లను గట్టిగా లాక్కునే పదార్థాల్లో ఒకటి. నైలాన్, ఉన్ని వాటిని తేలిగ్గా వదిలేస్తాయి. నైలాన్ గుడ్డతో ఎల్‌పీని రుద్దడమంటే దానికి ఆవేశం ఎక్కించి, గదిలోని దుమ్మును పిలవడమే. పైగా ఆ దుమ్ము గాడిలోకి మరింత లోతుగా వెళుతుంది.

వినైల్‌కు సురక్షితమైన పద్ధతి ఇది. ముందు మెత్తటి కార్బన్ పీచు బ్రష్‌తో గాడి దిశలోనే, అంటే గుండ్రంగా, పొడి దుమ్ము తీయాలి. విద్యుత్తును పోనిచ్చే పీచు కనుక ఆవేశం కూడా తగ్గుతుంది. మురికి మిగిలితే డిస్టిల్డ్ వాటర్‌లో ఒకటి రెండు చుక్కల తేలికపాటి ద్రవ సబ్బు కలిపి, లేబుల్ తడవకుండా మెత్తటి బ్రష్‌తో కడిగి, మళ్లీ డిస్టిల్డ్ వాటర్‌తోనే తొలిచి, నిలువుగా ఆరబెట్టాలి. కుళాయి నీరు వద్దు. అందులోని లవణాలు ఆరాక గాడిలో మిగిలిపోతాయి.

లక్క రికార్డుకు స్పిరిట్, సెంటు, శానిటైజర్ వంటి ఆల్కహాల్ ఉన్నది ఏదీ తగలకూడదు. నీటిలో లక్క కరగదు కానీ, అందులోని పీచు తేమ పీల్చి ఉబ్బుతుంది. కాబట్టి నానబెట్టకూడదు. పొడి బ్రష్‌తో సరిపెట్టుకోవడమే మేలు.

సూరత్ వేడి, తాపీ తేమ

శుద్ధ పీవీసీ 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది. రికార్డుల్లో వినైల్ ఎసిటేట్ కూడా కలుపుతారు కనుక అంతకంటే ముందే లొంగుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం మూసి ఉన్న కారులో, రేకుల కప్పు కింది అటక మీద ఆ వేడి దాపుల్లోకి వచ్చేస్తుంది. ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టిన రికార్డులు తమ బరువుకే వంకర తిరుగుతాయి. పుస్తకాల్లా నిటారుగా, వాలకుండా నిలబెట్టాలని చెప్పేది ఇందుకే.

తేమతో ఇబ్బంది మరో రకం. కాగితపు కవర్లలోని గంజి, జిగురు బూజుకు మంచి ఆహారం. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీటితో తాపీ పొంగి సూరత్‌లో చాలా భాగం మునిగింది. అలాంటి వరదలో తడిసినా వినైల్‌కు నీటితో పెద్ద నష్టం ఉండదు. నష్టం చేసేది బురద. అది ఆరి గట్టిపడ్డాక గోకితే గాడి పోతుంది, కాబట్టి ఆరక ముందే కడగాలి. అట్ట, లేబుల్ మాత్రం తిరిగి రావు.

ధర పలికేది ఏది?

‘పంచరత్నమాల’ చాలామంది కొన్న సెట్. ఒక్కో భాగం విడిగా దొరకవచ్చు. ఐదు భాగాలూ, వాటి అసలు కవర్లతో, అరగని గాడితో ఒకేచోట ఉండటమే విశేషం. సేకరించేవారు చూసేది మూడు విషయాలు: సెట్ పూర్తిగా ఉందా, ఏ ముద్రణ, ఏ స్థితి.

ముద్రణ తెలియాలంటే చివరి పాటకూ లేబుల్‌కూ మధ్య ఉన్న నున్నటి భాగాన్ని వెలుతురులో చూడాలి. అక్కడ చెక్కిన అంకెలు, అక్షరాలు ఉంటాయి. వాటిని ఉన్నదున్నట్టు రాసుకోండి. కవర్ మారిపోయినా ఆ గుర్తు మారదు.

స్థితిని మనమే చాలావరకు అంచనా వేయవచ్చు. దీపం కింద రికార్డును ఏటవాలుగా పట్టుకుంటే గీతలు కనిపిస్తాయి. మధ్య రంధ్రం చుట్టూ లేబుల్ మీద సన్నటి గీకుళ్లు ఎక్కువగా ఉంటే చాలాసార్లు విన్న రికార్డని అర్థం. వింటున్నప్పుడు ‘టక్’ మనే శబ్దం వస్తే గడియారం చూడండి. సరిగ్గా 1.8 సెకన్లకోసారి వస్తే అది గాడులకు అడ్డంగా పడ్డ గీత, ఎందుకంటే ఎల్‌పీ ఒక చుట్టుకు పట్టే కాలం అదే. క్రమం లేకుండా వస్తే దుమ్మో, ఆవేశమో కావచ్చు, శుభ్రం చేస్తే పోవచ్చు.

ప్రతి వైపూ చివరి పాటను తప్పక వినండి. బయటి అంచులో గాడి ముల్లు కింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్ల వేగంతో కదులుతుంది. లోపలికి వచ్చేసరికి అది 21 దగ్గరకు పడిపోతుంది. అదే శబ్దం తక్కువ చోటులో ఇరుక్కోవాలి కనుక అరుగుదల ముందుగా బయటపడేది అక్కడే. గొంతు ‘స’, ‘శ’ అక్షరాల దగ్గర చీలినట్టు వినిపిస్తే గాడి అరిగిందని గుర్తు.

ఇవన్నీ కొనేవారికి దాచకుండా చెప్పాలి. దూరపు ఊరి నుంచి ఫొటో చూసి కొనేవారికి మీ మాట తప్ప ఆధారం లేదు. ధర కోసం ఇతరులు అడుగుతున్న ధరలు కాక, నిజంగా అమ్ముడైన ధరలు చూడండి. పంపేటప్పుడు రికార్డును అట్ట కవర్ బయటకు తీసి, పక్కన పెట్టి, రెండు వైపులా గట్టి అట్టలు వేయాలి. లేదంటే దారిలో కుదుపులకు రికార్డు అంచు కవర్‌ను చీలుస్తుంది.

పగిలినా పారేయకండి

అమ్మేముందు ఒకసారి డిజిటల్ రూపంలోకి మార్చుకోవడం మంచిది. సెకనుకు 96,000 నమూనాలతో, 24 బిట్లలో, స్టీరియోగా ఎక్కిస్తే నిమిషానికి 35 ఎంబీ దాకా అవుతుంది. ఐదు ఎల్‌పీలు కలిపి 7 జీబీ దగ్గర, అంటే చిన్న పెన్‌డ్రైవ్ చాలు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. మనం అమ్మేది వస్తువునే, పాట హక్కును కాదు. మన చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్ మీద హక్కు విడుదల తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. కాపీలు తీసి పంచడం, అమ్మడం కుదరదు.

పెట్టె అడుగున పగిలిన లక్క రికార్డు ఉంటే ముక్కలన్నీ ఏరి దాచండి, అతికించవద్దు. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో భౌతిక శాస్త్రవేత్త కార్ల్ హేబర్, సహచరులు ముల్లు తాకకుండానే గాడిని సూక్ష్మంగా ఫొటో తీసి, ఆ చిత్రం నుంచి కంప్యూటర్‌తో శబ్దాన్ని లెక్కగట్టే పద్ధతిని తయారుచేశారు. 1860లో ప్యారిస్‌లో మసి పూసిన కాగితం మీద గీసిన స్వరాన్ని 2008లో లోకం విన్నది ఆ ప్రయోగశాల సాయంతోనే. ఇవాళ పనికిరాదనుకున్న ముక్కలో ఉన్న పాట రేపు వినిపించవచ్చు. మన దేశంలో ముంబై కేంద్రంగా పనిచేసిన సొసైటీ ఆఫ్ ఇండియన్ రికార్డ్ కలెక్టర్స్ వంటి సేకర్తల బృందాల శ్రమ వల్లే ఎన్నో పాత పాటల వివరాలు నమోదయ్యాయి.

లింబాయత్ ఇంటికి తిరిగి వద్దాం. ఐదు ఎల్‌పీలంటే పది వైపులు. తగిన ముల్లున్న ప్లేయర్ ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకుంటే అన్నీ వినడానికి మూడున్నర గంటలకు అటూ ఇటూ పడుతుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. పక్కన కాగితం పెట్టుకుని ఏ వైపు ఎక్కడ టక్‌మంటుందో, ఏ పాట శుభ్రంగా ఉందో రాసుకుంటే కొనేవారికి చూపడానికి అదే నమ్మకమైన పత్రం. విన్నాక కూడా అమ్మాలనే అనుకుంటే నిశ్చింతగా అమ్మవచ్చు. ఈలోగా ఆ స్పిరిట్ సీసాను మాత్రం పెట్టెకు దూరంగా ఉంచండి.